రేణుక పోపుకు కరిగిన మంచుకొండ

ఇంద్రసేన చాయ్ గ్లాసు చేతిలోకి తీసుకున్నాడంటే ఇక అశోక్ నగర్‌లో ఎంకయ్య బండి దగ్గర మరొకరి మాట సాగదు. నలభై దాటిన మనిషి. ఇస్త్రీ మడత నలగని చొక్కా, మెడలో ఆఫీసు కార్డు. నారాయణగూడలో ఒక టూర్ల ఆఫీసుకు మేనేజర్‌నని చెప్పుకుంటాడు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు పుస్తకాలు చంకలో పెట్టుకుని చుట్టూ నిలబడి వింటారు.

ఆ సాయంత్రం రేణుక వచ్చేసరికే కథ మొదలైంది. ఆమె వెనక సందులోని ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి. భర్త పోయాక మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వచ్చి, ఆ వంటింట్లోనే వండుతూ, దాని పక్క గదిలోనే పడుకుంటూ ఐదేళ్లుగా నెట్టుకొస్తోంది. ఆ పనే ఆ పొద్దున మానేసింది. ఆ సంగతి ముందుగా ఇంద్రసేనకే చెప్పాలనుకుంది. మానెయ్యమన్నది ఆయనే మరి.

రెండు వారాల కింద ఇదే బండి దగ్గర, ఇంతమంది ముందే అన్నాడు: "అక్కా, క్రిస్మస్‌కు యూరప్ టూరు తీస్తున్న. మనోళ్లు నలభై మంది. ఆ సలిల బ్రెడ్డు ముక్కలు నములుకుంట బతుకుతరా? వేడి వేడి పప్పు, చారు పడాలె. వంటకు నువ్వే. ఆ హాస్టల్ పని ఇడిసిపెట్టు." ఆమె నవ్వి ఊరుకుంది. కానీ ఆ రాత్రి పడుకుంటే నిద్ర రాలేదు. ఊళ్లో అమ్మమ్మ దగ్గర చదువుకుంటున్న కొడుకు తరుణ్‌కు ఆదివారం ఫోన్లో చెప్పింది. వాడు బడంతా చెప్పేశాడు, మా అమ్మ విమానం ఎక్కుతదని.

"మాట మధ్యల ఆపొద్దు, ఇను," అంటున్నాడు ఇంద్రసేన. "పోయినేడు జర్మనీల మంచు కురిసి ఎయిర్‌పోర్టు బంద్ పడ్డది. మన కవాడిగూడ ఫ్యామిలీ ఒకటి అండ్ల ఇరుక్కున్నది. పిల్లలు ఏడుస్తున్నరు. నేనేం జేసిన? ఫోన్ కొట్టిన. పొద్దుగాల మొదటి విమానంల సీట్లు ఇప్పిచ్చిన. గంతే."

గంతేనా, అనుకుంది రేణుక. అది కాగల పనే. తన మనసు కుదుటపడింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ ఎయిర్‌పోర్టు ఆఫీసర్ నాకు దోస్తయిండు. ఈసారి ప్లాన్ మొత్తం ఆయన్నడిగే ఏసిన. పారిస్ నుంచి స్విట్జర్లాండ్ రైలు పొద్దున ఏడింటికి. నేనన్న, సార్, మావోళ్లు స్నానాలు జెయ్యాలె, దీపం పెట్టుకోవాలె, ఏడింటికంటే ఎట్ల? తొమ్మిది జెయ్యండ్రి."

"చేసిండ్రా అన్నా?" అన్నాడు శ్రీనాథ్. గ్రూప్స్ పరీక్షలకు మూడోసారి చదువుతున్న కుర్రాడు.

"చేసుడేంది! టైం టేబులే మార్చి కొట్టిచ్చిండ్రు. దేశం దేశమంతా ఆఫీసులు రెండు గంటలు లేటుగ తెరుస్తున్నరిప్పుడు. ఎవడన్నా ఎందుకని అడిగితే, హైదరాబాద్ నుంచి ఇంద్రసేన వస్తున్నడంటరు."

పిల్లలు గొల్లుమన్నారు. రేణుక కూడా నవ్వింది. పెద్ద ఆఫీసు కదా, ఎక్కువ మంది పోతే రైలు కాసేపు ఆపుతారేమో. ఎప్పుడో ఆపే ఉంటారు. ఆమె తన మాట నోటి దగ్గరే పెట్టుకుని, ఆయన ఊపిరి తీసుకునే దాకా ఆగాలనుకుంది. ఆయన ఊపిరి తీసుకునేలా లేడు.

"ఇగ వియన్నాల నది గడ్డ గట్టింది. బ్రిడ్జి మీద ట్రాఫిక్ జామ్. నేనన్న, బ్రిడ్జి ఎందుకు, బస్సును నది మీదికి దింపుండ్రి. డ్రైవర్ గజగజ వణుకుతున్నడు. మన చిక్కడపల్లి మెయిన్ రోడ్డుల తోలినోన్ని తీస్కొస్త, వాడు అద్దంల సూసుకుంట మీసం దువ్వుకుంట తోల్తడని చెప్పిన. అండ్ల ఉన్న చేపలు సుత పక్కకు జరిగి సైడ్ ఇస్తయి!"

"మంచు కింద చేపలకు హారన్ ఇనపడ్తదా అన్నా?"

"హైదరాబాద్ హారన్ యాడున్నా ఇనపడ్తది."

ఈసారి రేణుక నవ్వలేదు. వాళ్ల ముఖాలు చూసింది. ఎవరి ముఖంలోనూ ఆశ్చర్యం లేదు. రోజూ వినే మాట విన్నట్టు, తర్వాత ఏ కోత కోస్తాడోనని ఎదురు చూస్తున్నారు. ఎంకయ్య పాలు తిప్పుతూ తల వంచుకుని నవ్వుకుంటున్నాడు.

"అసలు సంగతి ఇప్పుడు చెప్త," అని ఇంద్రసేన ఆమె వైపు చెయ్యి చాపాడు. "క్రిస్మస్ నాడు మేం మంచుకొండ మీదుంటం. మన రేణుకక్క పొయ్యి అంటిస్తది. చారుకు పోపు పెడ్తది. ఎండుమిరపకాయ, ఎల్లిపాయ చుర్రుమన్నదా, ఆ ఘాటు పోయి కొండకు తగుల్తది. కొండ ఒక్క తుమ్ము తుమ్ముతది! మంచంతా కరిగి కిందికి జారుతది. వెయ్యేండ్ల సంది మంచు కింద నిద్రపోతున్న ముసలి రాజు లేచి, ఎవరమ్మా ఈ చారు కాసింది, నాకో గిన్నె పొయ్యమంటడు!"

బండి చుట్టూ నవ్వులు పేలాయి. ఒకడైతే చాయ్ ఒలకబోసుకున్నాడు. రేణుక నిలబడ్డ చోటే నిలబడిపోయింది. నది మీద బస్సు, దారి ఇచ్చే చేపలు, లేచి వచ్చే రాజు. వాటి పక్కనే తను, తన పొయ్యి, తన పోపు. రెండు వారాలుగా తను మనసులో మోస్తున్న మాట వీళ్ల నవ్వులో ఒక ముక్క.

"అన్నా," అంది. నవ్వుల్లో వినపడలేదు. మళ్లీ అంది. "అన్నా, నేను పొద్దున పని ఇడిసిపెట్టిన."

"ఏ పని అక్కా?"

"హాస్టల్ పని. నువ్వే గదా ఇడిసిపెట్టమన్నవ్. హాస్టల్ అమ్మ గప్పుడే ఇంకో మనిషిని పెట్టుకున్నది. గది సుత ఖాళీ చెయ్యమన్నది."

నవ్వు ఒక్కొక్కరి దగ్గరా ఆగిపోయింది. ఇంద్రసేన గ్లాసు కిందపెట్టాడు. "అక్కా... అది ఊకె, మజాక్‌కు..."

"టూరు యాడికి పోయింది?"

శ్రీనాథ్ చెప్పాడు, నేల చూస్తూ. "అన్న ఇప్పుడు ఆ ఆఫీసుల లేడక్కా. దసరాకు ముందే తీసేసిండ్రు. ఇంట్ల చెప్పలేక పొద్దున కార్డేసుకుని వచ్చి ఈడ కూసుంటడు. మేం ఊకె ఇంటం."

"మీకందరికీ తెలుసు?"

ఎంకయ్య పొయ్యి మంట తగ్గించాడు.

"నాకు తెల్వదు గదా," అంది రేణుక. అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది అక్కడున్న వాళ్లకు.

ఆమె వెనక్కి తిరిగి నడిచింది. ఇంద్రసేన వెంటపడ్డాడు. "ఫికర్ జేయకక్కా, నేనొచ్చి మాట్లాడ్త. మేడంకు నేను చెప్త." వద్దనే ఓపిక కూడా ఆమెకు లేకపోయింది.

హాస్టల్ యజమాని విద్యావతి గేటు దగ్గరే ఉంది. ఇంద్రసేన చొక్కా సర్దుకున్నాడు. "నమస్తే మేడం. నేను టూర్స్ మేనేజర్‌ను. యూరప్‌ల ఈసారి మంచు చాలా ఎక్కువున్నది. అక్కడి సర్కారే టూరు ఆపమని నాకు ఫోన్ చేసింది. వచ్చే ఏడాదికి మార్చినం. అందాక అక్కను..."

"అట్లనా!" విద్యావతి కార్డు వైపు చూసింది. నమ్మినట్టే ఉంది. "అయితే వచ్చే ఏడాది మళ్ల ఇట్లనే ఇడిసిపెట్టి పోతది గదా. ఇప్పుడు తీసుకుని నేనేం జేసుకోవాలె?"

ఇంద్రసేన నోరు తెరిచాడు. రైళ్లు ఆపిన నోరు. ఇంకేదో రాబోతుండగా రేణుక అడ్డుపడింది.

"టూరు లేదమ్మా. ఇప్పుడు లేదు, వచ్చే ఏడాది లేదు. ఈయన ఉత్తగనే అన్నడు. నేను నమ్మిన."

విద్యావతి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "నిన్ను విమానమెక్కించి యూరప్ తీస్కపోతరని నమ్మినవా?" కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది. రేణుక ముఖం మీద ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. అవునన్నట్టు తల ఊపింది.

"వంటకు మనిషి వచ్చేసింది. ఆమెను పొమ్మనలేను. గిన్నెలు తోమేటందుకు కావాలె. ఉంటే ఉండు. పడుకునుడు మెట్ల కింద."

ఇంద్రసేన "అక్కా" అన్నాడు. రేణుక ఆయన వైపు చూడలేదు. చెప్పులు గోడవారగా విడిచి లోపలికి వెళ్లింది.

వంటింట్లో తనకంటే చిన్న వయసు పిల్ల, పెద్ద గిన్నె ముందు చెమటలు కారుస్తూ నిలబడి ఉంది. అడుగుల చప్పుడుకు తిరిగి చూసింది.

"అక్కా, ఈడ ఉప్పు యాడ పెడ్తరు?"

రేణుక వెతకకుండానే పై అరలోకి చెయ్యి పెట్టి డబ్బా తీసి, ఆ పిల్ల చేతికిచ్చింది. కొంగు నడుముకు దోపుకుని, సింకు నిండా పడి ఉన్న గిన్నెల ముందుకు వెళ్లింది.