నారింజంతా ఎక్కడికి పోయినట్టు?

శుక్రవారం సాయంత్రం, సరిగ్గా నాలుగుంబావు. కత్తెర బాబాయి చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని, గిన్నెలో బ్లీచ్ పొడి చిక్కగా కలిపి, బ్రష్ పైకెత్తాడు. వరండాలో ఆయన ముందున్న స్టూలు మీద, భుజాల చుట్టూ పాత తువ్వాలు కప్పుకుని, పిచ్చుక కళ్లు గట్టిగా మూసుకుంది.

పిచ్చుక అన్నది ఇంటి పిలుపు. పుట్టినప్పుడు గుప్పెడంత కూడా లేదని అమ్మమ్మ అలా పిలిచింది, ఇరవయ్యేళ్లొచ్చినా అదే నిలిచిపోయింది. మనిషి పెద్దగా ఎదగలేదు గానీ జుట్టు మాత్రం నడుం దాటింది. చూడ్డానికి నలుపే, ఎండలోకొస్తే లోపల్నించి ఎర్రగా మెరుస్తుంది. ఆ ఎరుపు పడుచునాటి అమ్మమ్మది. భగవంతుడు ఆ ఇంట్లో తరానికొకరికి మర్చిపోకుండా ఇస్తూ వస్తున్నాడు.

మర్నాడు సాయంత్రం పిచ్చుక మొదటిసారి నాటకంలో వేషం కట్టబోతోంది. వెన్నెల వేషం. నాటకం మాస్టారు ముందే చెప్పేశారు: "నల్ల తెర ముందు నల్ల జుట్టుతో నిలబడితే మొహం ఒక్కటే గాల్లో వేలాడుతుందమ్మా. వెన్నెలకి తెల్ల జుట్టుండాలి. శనివారం పొద్దున మీ ఇంటికొచ్చి చూస్తాను. కుదరకపోతే ఆ వేషం ఇంకో పిల్లకిచ్చేస్తాను."

"ఓస్, అదెంత పని!" అన్నాడు కత్తెర బాబాయి. పిన్ని మొగుడు, ఆ ఇంటి వీధి గదిలోనే సెలూన్ నడుపుతున్నాడు. ఆ మాట అన్నది మొదలు వీధంతా చెప్పుకున్నాడు కూడా. అందుకే ఆ సాయంత్రం పక్కింటి దర్జీ, ఎదురింటి రిటైరైన బస్సు డ్రైవరు చూడ్డానికని వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. పిన్ని అందరికీ టీ ఇచ్చి, గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"బాబాయ్, నారింజ రంగొచ్చేస్తుందేమో," అంది పిచ్చుక కళ్లు తెరవకుండానే. "మన జుట్టు రంగు దిగుతుంటే ముందు ఎరుపు, ఆ తర్వాత నారింజ, అదీ దాటితేనే గదా పసుపొచ్చేది! మధ్యలో ఆగిపోతే నేను వెన్నెలనా, పొయ్యిలో నిప్పునా?"

బ్రష్ జుట్టుకి బెత్తెడు దూరంలో ఆగిపోయింది.

"ఎవరితో అంటున్నావమ్మడూ ఆ మాట? నా పేరు చెబితే నారింజ రంగు వణుకుతుంది! నేను పని నేర్చుకునే రోజుల్లో ఒకావిడ ఏడుస్తూ వచ్చింది. తల చూస్తే ఇటుక ముక్క. ఎవడో సగం పని చేసి చేతులెత్తేశాడు. నారింజకి విరుగుడు నీలం కదా, రెండు చుక్కలు వేసి కలిపాను, రాశాను, కడిగాను. జుట్టు వెన్నముద్ద!"

"బాగుంది గురూ," అన్నాడు దర్జీ.

"బాగుండడమేమిటి, అసలు సంగతి ఇంకా రాందే! ఆ తర్వాత ఏమైందో తెలుసా? కడిగిన బకెట్టు చూద్దును గదా, నిండా నారింజ! జుట్టులోంచి దిగిన రంగు ఎక్కడికో అక్కడికి పోవాలి కదండీ. మామూలు పనివాళ్లు ఇది ఆలోచించరు. నేను సీసాల్లో పట్టి మంచం కింద దాచాను. పళ్ల కొట్టువాడికి తెలిసి పరుగెత్తుకొచ్చాడు. సరుకంతా పచ్చిగా ఉంది, ఒక్క సీసా ఇప్పించమన్నాడు. ఇచ్చాను. తెల్లారేసరికి కొట్లో పళ్లన్నీ ధగధగా పండిపోయాయి."

"రుచి ఎలా ఉందోయ్?" అన్నాడు డ్రైవరు.

"కొంచెం షాంపూ వాసనేసింది. ఉన్నమాట ఎందుకు దాచాలి?"

ఈలోగా లోపల్నించి అమ్మమ్మ వచ్చి, వరండాలో కుర్చీల కింద వంగి చూసింది. "నా సవరం ఎవరైనా చూశారా? నాలుగు రోజులై కనబడ్డం లేదు." వయసులో ఉన్నప్పుడు దువ్వెనకి రాలిన తన జుట్టునే పోగుచేసి కట్టుకున్న సవరం అది. పెట్టుకోవడం మానేసి చాలాకాలమైనా, పెట్టెలో బట్టల మధ్య పదిలంగా దాచుకుంటుంది.

"కథ మంచి పట్టులో ఉంటే సవరం ఏమిటండీ అత్తయ్యగారూ!" అన్నాడు బాబాయి కాస్త తొందరగా. "ఎక్కడికి పోతుంది, అదే కనబడుతుంది."

అమ్మమ్మ పెరట్లోకి నడిచింది. బ్రష్ మళ్లీ కిందికి దిగింది. పిచ్చుక ఊపిరి బిగబట్టింది.

"ఆ, ఎక్కడున్నాను?" బ్రష్ మళ్లీ పైకి లేచింది. "సర్కస్ వాళ్లొచ్చారు. అమ్మాయిలందరికీ తెల్ల జుట్టు కావాలి, వాళ్లెక్కే ఎర్ర గుర్రాలకి తెల్ల జూలు కావాలి. ఒక్క మధ్యాహ్నం! అటు అమ్మాయి, ఇటు గుర్రం, ఈ చేత్తో ఒకరికి, ఆ చేత్తో ఒకరికి. తొందర్లో ఒక గుర్రానికి జడేశాను, ఒకమ్మాయికి కళ్లెం కట్టాను, అది వేరే విషయం. ఆ కడిగిన నీళ్లు పట్టడానికి సీసాలేం సరిపోతాయి? వీధిలోకి వదిలాను. వీధి నారింజ, కాలవ నారింజ, కాలవ కలిసిన ఏరు నారింజ, ఏట్లో చేపలు నారింజ! గాజు తొట్లలో పెంచుకుంటున్నారే బంగారు చేపలు, అవెక్కడివనుకున్నారు మరి?"

దర్జీకి టీ పొలమారింది. పిచ్చుక ఒక కన్ను తెరిచింది. నవ్వొస్తోంది, భయమూ వేస్తోంది.

"బాబాయ్, రాయి మరి!"

"రాస్తానమ్మా, రాయకేం! అయితే ఆ సర్కస్ తర్వాత నా చేతికి పదునెక్కువైపోయింది. కూరల బజారులో నేను నడిచి వెళ్తుంటే ఇటూ అటూ బుట్టల్లో క్యారెట్లన్నీ ముల్లంగులైపోయేవి! కూరలవాళ్లందరూ దండం పెట్టి, ఇటువైపు రావద్దు బాబూ అన్నారు."

"ఓహో, కూరలు తేవడం అందుకా మీరు మానేసింది?" అంది పిన్ని.

మెట్లన్నీ నవ్వాయి. బాబాయి ఇంకా హుషారెక్కాడు. బ్రష్ ఇప్పుడు ఆకాశంలో గీతలు గీస్తోంది.

"నవ్వండి, నవ్వండి! ఒక సాయంత్రం మేడమీద చేతులు కడుక్కుని పొరపాటున పడమటి వైపు విదిలించాను. అంతే! దిగిపోతున్న సూర్యుడు దిగుతున్నవాడు దిగుతున్నట్టే తెల్లగా పాలిపోయాడు. తెల్లారిందనుకుని కోళ్లు కూశాయి. ఇళ్లకి పోతున్న గుమాస్తాలు సగం దారిలో వెనక్కి తిరిగి ఆఫీసులకి పోయారు. ఇక ఫోన్లే ఫోన్లు! అయ్యా, మా సాయంత్రం మాకిప్పించండి, పిల్లలు నిద్రపోవడం లేదు అని. నాకు జాలేసింది. మంచం కింద సీసాలన్నీ తీసి, బకెట్టులో కలిపి, మేడెక్కి ఒక్క విసురు విసిరాను. అదిగో, చూడండి! ఆ మబ్బు అంచు ఎవరిదనుకున్నారు? నా బకెట్టే!"

అందరూ నిజంగానే తలెత్తి చూశారు. అప్పటికి పొద్దు వాలిపోయింది. ఇళ్ల కప్పుల పైన మబ్బులు ఎర్రగా కాలుతున్నాయి.

"మొత్తం విసిరేశావా గురూ, ఇంట్లో ఏమైనా మిగిలిందా?" అన్నాడు దర్జీ.

"ఒక్క చుక్క లేదు! ఆనాటి నుంచి ఈనాటి వరకు ఈ ఇంట్లో నారింజ రంగన్నది కళ్లతో చూసినవాళ్లు లేరు!"

"నేను చూశాను నాయనా," అంది అమ్మమ్మ.

ఎప్పుడొచ్చిందో, బాబాయి వెనకే నిలబడి ఉంది. చేతిలో తడి సవరం వేలాడుతోంది. ఆకాశంలో మబ్బుకన్నా అదే ఎక్కువ నారింజగా ఉంది.

"నీళ్ల డ్రమ్ము వెనక తీగ మీద ఆరేసి ఉంది. ఏమల్లుడూ, ఈ బకెట్టు విసరడం మర్చిపోయినట్టున్నావు?"

డ్రైవరు నవ్వు వీధి చివరిదాకా వినబడింది. దర్జీ మెట్టు మీద నుంచి జారాడు. పిన్ని కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

పిచ్చుక మాత్రం గిన్నెలోకి చూసింది. బ్లీచ్ ఎండి, బీటలు వేసి, అంచులు లేచిపోతోంది. నాలుగుంబావు నుంచి పొద్దు వాలేదాకా బ్రష్ తన వెంట్రుక ఒక్కదాన్ని తాకలేదు. ఆ కథ అంత పొడుగెందుకు సాగిందో అప్పుడర్థమైంది.

"భయమేసిందని నాతో చెప్పొచ్చుగా బాబాయ్."

బాబాయి తొడుగులు ఒక్కొక్క వేలే లాగుతూ కూర్చున్నాడు. "అదీ నీ జుట్టూ ఒకటే రకం కదమ్మా. ముందు దాని మీద చూసుకుందామనుకున్నాను. ఎన్నిసార్లు రాసినా నారింజ దాటి ఇవతలికి రాలేదు. వీధంతా చెప్పేశాను, నువ్వేమో నమ్మి కూర్చున్నావు. నోరు పెగల్లేదు."

"కథకైతే బాగానే పెగిలింది," అంది పిన్ని.

అమ్మమ్మ సవరం తుడుచుకుంటూ పిచ్చుక తల నిమిరింది. "పిల్ల తల మీద కాకుండా నా సవరం మీద చూసుకునే బుద్ధి పుట్టించినందుకు ఆ దేవుడికి దండం. సవరం కట్టడం నాకింకా గుర్తుంది. తెల్లదారం ఉండాలే గానీ."

"నా దగ్గర తెల్ల పట్టుదారం కండెలున్నాయి పెద్దమ్మగారూ," అన్నాడు దర్జీ, కింద పడిన గ్లాసు ఏరుకుంటూ.

శనివారం పొద్దున సెలూన్ తలుపు తెరవలేదు. అందరూ వరండాలోనే ఉన్నారు. అమ్మమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చి కూర్చుంది. పిన్ని దారం కొలిచి కత్తిరించింది, దర్జీ పాయలు తీశాడు, డ్రైవరు ఒక కొస కాలి బొటనవేలికి చుట్టుకుని బిగించి పట్టాడు, అమ్మమ్మ ముడి వేసుకుంటూ పోయింది. కట్టిన పాయనల్లా బాబాయి ఒళ్లో పెట్టుకుని, నోరు మెదపకుండా దువ్వాడు. పిచ్చుక నల్ల జుట్టు చుట్టగా చుట్టి, దాని మీద ఆ తెల్లటి కుచ్చు గుచ్చి వదిలితే నడుం కిందికి జలజలా జారింది.

మాస్టారు వచ్చారు. రెండడుగులు వెనక్కి వేసి చూశారు.

"సాయంత్రం తొందరగా వచ్చెయ్యమ్మా. నీ వేషం నీదే," అన్నారాయన. ఆ దారం చేత్తో పట్టుకుని, "ఒక్క చిక్కు లేదే! ఎవరండీ దువ్వింది?" అని అడిగారు.

బాబాయి దువ్వెన కింద పెట్టి కాలరు సర్దుకున్నాడు. "మీరడిగారు గనక చెప్పాలి మాస్టారూ. ఒకసారి పెద్ద వాన. పైనుంచి ధారలు చిక్కుపడిపోయాయి, కిందికి చుక్క పడదు. జనం నా దగ్గరికొచ్చి..."

అమ్మమ్మ ఎండ వైపు తల తిప్పింది, అంతే. తెల్లటి తల వెనక, ముడి చుట్టూ, తన పడుచునాటి సవరం నారింజగా భగ్గుమంది.

"...ధారలు చిక్కుపడ్డాయని ఎవరో అంటుంటే విన్నానండీ," అని బాబాయి దువ్వెన అందుకున్నాడు.