టైపమ్మ పిస్తోలు

ఏందే భవ్యా, చేతులు రెండు ముందర పెట్టుకొని గట్ల చూస్కుంటున్నవ్? గోరింటాకు పెట్టుకుందామనా? ఆఁ? ఎస్సై నౌకరొస్తే పిస్తోలు నీ చేతికి ఆగదని రంది వెట్టుకున్నవా! ఎవరన్నరు, హాస్టల్ పిల్లలా? ఓసి నీ... పరీక్షనే రాయలే, అప్పుడే పిస్తోలు పరేషానా? కూసో, గా స్టూలు మీద కూసో. నువ్వుంటున్న హాస్టల్ ఉన్నది సూడు, గది ఒకప్పుడు టైపమ్మ ఇల్లు. ఎవరంటవేంది, నీకెవరూ చెప్పలేదా? ఆమె చేతులు నీయంత కూడ లేకుండె. గాజులోడు చిన్నపిల్లల డబ్బ తీస్తుండె ఆమెకు.

అసలు పేరు సుబ్బలక్ష్మి. తెనాలి దిక్కు నుంచి వచ్చి ఈడ ఇల్లు కట్టుకున్నరు. పెనిమిటి ధర్మారావు గారు అడవి కాంట్రాక్టులు చేస్తుండె, గందుకే ఆయనకు పిస్తోలు లైసెన్సు. ఈమె మేడ మీద టైపు నేర్పుతుండె, కింద నాది పుస్తకాలు కుట్టే దుకాణం. పొద్దుగాల లేస్తే నా నెత్తి మీద టకటకటక. అప్పుడు అశోక్ నగర్ల ఈ కోచింగ్ సెంటర్లు యాడియి? నౌకరి కావాలంటే టైపు రావాలె, టైపు రావాలంటే ఆమె దగ్గరికి రావాలె. గా మిషన్ల కింద పొడుగు బారు ఉంటది, మాటకు మాటకు నడుమ ఖాళీ కోసం బొటనవేలితోని కొట్టేది. జిందగీ అంత గది కొట్టి కొట్టి ఆమె కుడి బొటనవేలు బిగుసుకపోయింది. వంగదు, జరగదు, ఎప్పుడు చూసినా నిలబడే ఉంటది. కొత్తగ వచ్చిన పోరగాండ్లు తప్పులు కొట్టుకుంట కూడ, మేడం శభాష్ అంటున్నదని మురుస్తుండిరి. నవ్వకు, నిజం చెప్తున్న.

సరే, ధర్మారావు గారు పోయిండు. దినాలు అయిపోయినయో లేదో, కాచిగూడ నుంచి మరిది శ్రీపతి దిగిండు. మంచిగ ఇస్త్రీ లాల్చీ, చేతిల బత్తాయిల సంచి. నేను కిందనే ఉన్న, అన్నీ ఇనవడ్తున్నయ్. "వదినా, ఒంటరి ఆడదానివి, ఇంత ఇల్లు నీకెందుకు? బిల్డరుకిచ్చేద్దాం, నీకో గది చాలదూ? అన్నయ్య పిస్తోలు కూడా నా పేరున రాయించెయ్. ఆ బొటనవేలితో నువ్వేం పేలుస్తావు, తాటాకు టపాకాయలా?" అన్నడు. ఆమె బత్తాయి రసం తీసిచ్చి పంపింది. తెల్లారి నా దుకాణం ముందర నిలవడి, కూరగాయలకు పోదామన్నట్టే అడిగింది, "జగదీశ్వర్ గారూ, కాసేపు దుకాణం మూస్తారా? పిస్తోలు కొనాలి."

ఆబిడ్స్ దిక్కు ఒక తుపాకుల దుకాణం. పాతది ఇచ్చేసి చేతికి సరిపోయేది తీస్కోవచ్చన్నరు పోలీసు ఆఫీసుల. సేట్ పాపం మంచోడు, "ఆయియే అమ్మాజీ" అని కుర్చీ వేసిండు. వేసినందుకు ఎంత పస్తాయించిండో! చీరల దుకాణంల కూసున్నట్టు కూసుంది. "ఇది వద్దు, అప్పడాల పీట పట్టుకున్నట్టుంది. దీని పిడి లావు, పిడి చుట్టూ వేళ్లు తిప్పితే గుర్రం దాకా, అదే ట్రిగ్గర్ దాకా వేలు అందట్లేదు. సన్నపిడివి లేవూ?" సేట్ ఒక బల్లపరుపు పిస్తోలు తీసిండు, చూస్తే ముద్దుగుంది. దానికేమో పక్కన చిన్న మీట, బొటనవేలితో కిందికి నొక్కితే గాని పేలదు. ఆమె వేలు శభాష్ అనుకుంట నిలవడే ఉన్నది, మీటను ముట్టదు. ఎడమచేత్తో నొక్కింది. సేట్ అన్నడు, "అమ్మాజీ, అందాక చోర్ ఆగుతడా?" ఈమె అన్నది, "నేను పళ్లసెట్టు వెతుక్కునేదాకా ఆగితే దీనికీ ఆగుతాడు." పై భాగం వెనక్కి గుంజాలె మళ్ల, గది గుంజుతుంటే ఆవకాయ జాడీ మూత తీస్తున్నట్టు మొహమంత ఎర్రగైంది. సేట్ నమాజుకు పోయొచ్చిండు, అన్నం తినొచ్చిండు, ఈమె లేవదు. "గాజులు తొడుక్కోకుండా కొంటామా నాయనా?" అంటది.

ఆఖరికి దొరికింది. చిన్న రివాల్వరు, గుండ్లు పెట్టే చక్రం తిరుగుతది సూడు, గది. మీట లేదు, గుంజుడు లేదు, బొటనవేలితోని పనే లేదు, చూపుడువేలితో గట్టిగ గుంజితే చాలు. సేట్ పిడి పక్కల చెక్కలు తీసి పల్చటివి బిగించిండు. అప్పుడు పిడి మొత్తం అరచేతిలకు వచ్చింది, మణికట్టు వంకరపోలే, వేలు మొదటి గీత దాక గుర్రానికి ఆనింది. యాదికి పెట్టుకో, నీకు పనికొస్తది, చేతులు చిన్నగుంటే చేతిని సాగదీయొద్దు, తగ్గ పిడి అడగాలె. ఇగ గుర్రం గట్టిగుందని, వేలికి బలం రావాలని, ఆమె ఇంటికొచ్చి చూపుడువేలితో ఒక్కటే అచ్చరం కొడుతుండె, టక్, టక్, టక్. నాకు పిచ్చి లేసింది.

ఇగ పేల్చి చూపెట్టే దినం. పట్టుకునుడు వచ్చునని చూపితేనే లైసెన్సు ఆమె పేరు మీదికి మారుతది, లేకుంటే శ్రీపతికి. శ్రీపతి కూడ వచ్చిండు, తమాష చూద్దామని, బత్తాయిల సంచితోనే. జైపాల్ సారని ఇన్‌స్పెక్టరుండె, "కొట్టండమ్మా" అన్నడు. ధడేల్! గురి బల్ల మీద గుండు మధ్యల తగిలింది. ఆమెది కాదు, పక్కోని బల్ల. శ్రీపతి కిసుక్కున నవ్విండు. ఆమె కళ్లద్దాలు సర్దుకొని అన్నది, "పక్కదే అనుకోండి, కానీ మధ్యలోనే కదండీ?" జైపాల్ సార్ నవ్వాపుకోలేక నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నడు. మిగిలినయన్ని ఆమె బల్ల మీదనే పడ్డయి. సంతకం అయింది.

అప్పటి నుంచి ఆమె భుజానికి నల్ల రెక్సిన్ బ్యాగు, అండ్ల పిస్తోలు. చిక్కడపల్లి మార్కెట్ల కొత్తిమీర కొంటే కరివేపాకు వాళ్లే ఇస్తుండిరి. శ్రీపతి ఒకసారి బిల్డర్ను తోలుకొనొచ్చిండు. ఈమె బ్యాగును బల్ల మీద పెట్టింది, ధబ్మని. అంతే. "వదినగారూ, మీరెలా ఉన్నారో చూసి పోదామని వచ్చామండీ" అన్నడు. వదినగారట! మీరట! నేను కింద జిగురు డబ్బ ఒలకబోసుకున్న నవ్వలేక.

ఇగ ఇను. ఎలక్షన్లు వచ్చినయంటే లైసెన్సు తుపాకులన్ని ఠాణల జమ చేయాలె, ఎరికేనా? ఆమెను ఆటోల నేనే తోలుకపోయి జమ చేయించిన. ఎలక్షన్లు అయిపోయినయ్, అందరు తెచ్చుకున్నరు, ఈమె పోదు. జైపాల్ సార్ కబురంపితే, "మళ్లీ ఏదో ఎలక్షను వస్తుంది కదా నాయనా, అటూ ఇటూ మొయ్యలేను, అక్కడే ఉండనీ" అన్నది. మరి బ్యాగుల ఏమున్నట్టు? అడిగిన. తెరిచి చూపెట్టింది. ఇలాచి దంచే ఇత్తడి రోకలి! గది కూడ ఊకనే పెట్టలే, కాగితం మీద పెట్టే గాజుబిళ్ల పెట్టి చూసిందట, తాళం కప్ప పెట్టి చూసిందట, ఏదీ సరిగ్గ చప్పుడు కాలేదట. "అన్ని పిస్తోళ్లు చూశాం కదండీ, నా బొటనవేలికి నొప్పి పెట్టని పిస్తోలు ఇదొక్కటే దొరికింది" అన్నది. ఆఖరి దాక టైపు ఆమె ఇంట్లనే నేర్పింది, ఇల్లు అమ్మమని ఒక్కడు ఇటు దిక్కు రాలే.

ఆమె పోయిన దినం శ్రీపతి వచ్చి ఏడ్చిండు, నిజంగనే ఏడ్చిండు, అబద్ధం చెప్పొద్దు. బ్యాగు మంచం మీద ఉన్నది. దాన్ని ముట్టడు, దూరం నుంచే, "జగదీశ్వర్ గారూ, మీరే తీయండి, పేలుద్దేమో" అన్నడు. నేను తీసి ఆయన చేతిల పెట్టిన. రోకలిని అటు తిప్పిండు, ఇటు తిప్పిండు. ఎన్ని ఏండ్లు, ఎన్ని ఏండ్లు భయపడ్డనో అని లెక్కేసుకుంటున్నట్టున్నడు. అప్పుడు చూసిన ఆమె దిక్కు. చాప మీద పండవెట్టిన్రు, చేతులు పొట్ట మీద. గా బొటనవేలు నిలవడే ఉన్నది.

నవ్వొచ్చింది నాకు, ఏడుపు కూడ వచ్చింది. మస్తు మంచిదే ఆమె... మస్తు...

అగో, పాలు పొంగుతున్నయ్, మంట తగ్గియ్యి. ఇలాచి ఆ డబ్బల ఉన్నయ్. రోకలి? గదే, నీ ముందరనే ఉన్నది, చిన్నది. తీస్కో, నీ చేతికి సరిపోతది.