ఎర్ర గీత

చేలకు మందు కొట్టే హెలికాప్టర్ కరెంటు తీగకు తగిలి కూలింది. కాలికి కట్టుతో ఆసుపత్రి మంచం మీదున్న పైలట్‌ను, ట్యాంకులో మందు కలిపే బామ్మర్ది ఎగాదిగా చూశాడు.

“మీ అక్క రాలేదేంరా?”

“ముందు నీ సంగతి చెప్పు బావా.”

“ఆ తీగ మ్యాప్‌లో లేదని విచారణకొచ్చే ఆఫీసర్లకి చెప్పు.”

“దానికి ఎర్ర గీత గీసిందే నువ్వు! పొద్దున్నుంచీ ముప్పైసార్లు దాన్ని దాటావు.”

“చివర్లో మర్చిపోయాను.”

“మర్చిపోడానికి అదేమన్నా పెళ్లిరోజా? చేలో ఓ మూలన మందు పడని చిన్న ముక్క మిగిలింది, పైన ఓ చుట్టు తిరిగి చూసుకుని దిగమని రేడియోలో మొత్తుకున్నాను. ‘మందు కలిపేవాడివి, నువ్వా నాకు చెప్పొచ్చేది’ అన్నావు.”

“ఆ మాట అక్కకి చెప్పకు.”

“నేను చెప్పేదేముంది? చేలోకి భోజనం తెచ్చి, నువ్వా మాట అన్నప్పుడు నా రేడియో పక్కనే కూర్చునుంది.”