షెడ్డు దాటని కారు

ప్రతి ఆదివారంలాగే ఆయన పాత కారును షెడ్డులోనే స్టార్టు చేసి ఇంజన్ చప్పుడు వింటున్నాడు. పటమటకు కాపురం వచ్చినప్పటినుంచీ ఇదే చూసి విసిగిపోయిన భార్య, గుణదల తిరునాళ్లకు తయారై వచ్చి ముందు సీట్లో కూర్చుంది.

“దిగు. ఆ జనంలోకి తీసుకెళ్తే బండి పాడైపోద్ది.”

“ఇంజన్ బాగానే ఉందన్నారుగా?”

“వారం వారం స్టార్టు చేస్తున్నా కాబట్టి ఉంది.”

“మరి బయటికి తియ్యరేం?”

“అవసరమొస్తే తీస్తా.”

“మా అమ్మకి ప్రాణం మీదికొచ్చిందంటే, వానలో తడిస్తే తుప్పు పడుతుందని చల్లపల్లి బస్సెక్కించారు. వెళ్లేసరికి ఆవిడ లేదు. అంతకంటే ఏం అవసరం రావాలండీ?”

ఆయన వెనక అద్దం సరిచేసుకున్నాడు.

“వెళ్లి గేటు తియ్యి.”

“మీరే తియ్యండి. నేను దిగితే మళ్లీ ఇంజన్ ఆపేస్తారు.”

ఆయన దిగి వెళ్లి గేటు తీశాడు.