సభలో మాట్లాడవలసిన మూడు నిమిషాలు

“అంకుల్, ఆ పాత స్కూల్ బిల్డింగ్ స్టోరీ మొత్తం చెప్పండి. రికార్డ్ చేస్తున్నాను.”

చెబుతానమ్మా నిత్యా. కానీ ఆ తలుపు మీద ఓ కన్నేసి ఉంచు. లోపల టౌన్‌షిప్ కౌన్సిల్ వారి హియరింగ్ మొదలైపోయింది. ఆ భవనాన్ని ఉంచాలా, పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టాలా అన్నది ఈ పూటే తేలిపోతుంది.

మేము ఈ ఐసెలిన్ ఊరికి వచ్చిన కొత్తలో... కాదు కాదు, మీ నాన్నగారు వచ్చాక, అప్పటికి మేము పాతవాళ్ళమే... ఆ ఎర్ర ఇటుకల బడి మూతపడి ఉండేది. రెండు వాకిళ్ళు, ఒకదానిపై రాతిలో ‘బాయ్స్’ అని, రెండోదానిపై ‘గర్ల్స్’ అని చెక్కి ఉంటుంది, చూశావు కదూ? ఎదురింట్లో మిసెస్ రోజ్ అని రిటైరైన టీచరుగారు ఉండేవారు. అక్కడే చదివి, అక్కడే పాఠాలు చెప్పిన మనిషి. ఆవిడే పూనుకుని ఆదివారాలు మన తెలుగు క్లాసులకు రెండు గదులు ఇప్పించారు. అప్పట్లో కార్లో పోసే గ్యాస్ గ్యాలను డాలరు పైచిలుకే కదా, ఎంత దూరం నుంచైనా పిల్లల్ని తెచ్చి దింపేవారు.

తొలి క్లాసు రోజున మంచు కురుస్తోంది. మనవాళ్ళు ఏం చేశారనుకున్నావు? బడి అంటే సరస్వతీ నిలయం కదా అని, అందరూ బూట్లు బయట మెట్ల మీదే విడిచి లోపలికి వచ్చారు. నేనూ అంతే. గంట తర్వాత చూస్తే బూట్లు లేవు, మంచు గుట్టలున్నాయి! మా ఆవిడ, “దేశం మారినా చెప్పులు పోగొట్టుకునే అలవాటు మాత్రం పోలేదండీ మీకు” అంది. అంతలో మిసెస్ రోజ్ చీపురు పుచ్చుకుని వచ్చి, ఒక్కొక్కటీ దులిపి, లోపల హీటరు పక్కన పెట్టారు. “మా అమ్మ ఇటలీ నుంచి వచ్చిన కొత్తలో, ఈ గడప దాటే ముందు శిలువ గుర్తు వేసుకునేది. మీరు బూట్లు విడిచారు” అన్నారు నాతో.

పోయిన హియరింగ్‌లో మెంబరొకాయన అడిగారు, “ఈ బిల్డింగ్‌లో చరిత్ర అనదగ్గది ఏం జరిగింది?” అని. జవాబు ఇదే కదమ్మా. కానీ నాకిచ్చింది మూడు నిమిషాలు. అధ్యక్షులవారికి, సభ్యులకు, విచ్చేసిన పెద్దలందరికీ సభామర్యాదగా కృతజ్ఞతలు చెప్పుకునేసరికి బెల్లు కొట్టారు. నవ్వకు. మిసెస్ రోజ్ ఉంటే ఆవిడే చెప్పేవారు. మొన్న చలికాలంలో కాలం చేశారు. అందుకే ఈసారి మాట్లాడేవాళ్ళ జాబితాలో నీ పేరు ఇచ్చాను.

“నా పేరా! అంకుల్, నేను ప్రిపేర్ కాలేదు!”

ప్రిపేరయినవాడి సంగతి చూశాం కదా తల్లీ. ఆ రోజు సాక్సులు తడిసి ఏడ్చిన పిల్లవు నువ్వు. అక్కడే అక్షరాలు దిద్దావు. నీ ఇంగ్లీషులో వాళ్ళకి తెలిసేలా చెప్పు. చాలు.

అదిగో, పిలుస్తున్నారు. వాగ్దేవి నీ నాలుక మీద నిలవాలి. గొంతు వణికితే వణకనీ, ఆపకు. నేను మొదటి వరుసలోనే కూర్చుంటాను, కానీ నా వంక చూడకమ్మా. నా ముఖం చూస్తే నీకూ భయమేస్తుంది. వెళ్ళు తల్లీ, శుభం... శుభం...