పూలు వాడని కంప్యూటరు

"తిప్పేసామీ! ఒరే తిప్పేసామీ! పాత సామాన్ల బండొచ్చింది, ఆ పెట్టె ఎత్తియ్యిరా!" అని వాళ్లమ్మ తిమ్మక్క వీధిలోంచి కేకేసిందంట. వాడు పలికితే కదా! పెట్టె అంటే కంప్యూటరు. మీరిప్పుడు చూసే పలచటి రకం కాదు, వెనకాల ఇంత బుర్రుండేది, ఇద్దరు పట్టుకుంటే గానీ కదలదు. ఇంటి ముందరి గదిలో దాన్ని పెట్టుకోని తిప్పేసామి పెళ్లిపత్రికలు కొట్టేవాడు. అది లేవాలంటే ఎట్లనుకున్నారు, మీట నొక్కాల, అది గుర్రుమని మూలగాల, తెర నల్లగయ్యి మళ్లీ నీలంగా కావాల. ఈలోపల వచ్చినోళ్లు టీ తాగొస్తామని లేచి ఎదురుగా అచ్చు కొట్టే ఇంకో అంగడికి పోతా ఉన్నారంట. అదీ తిమ్మక్క బాధ. అందుకే కొత్త లాప్‌టాప్ తెప్పించింది. "చూడరా, రొట్టె మాదిరి ఎంత పలచగుందో! మూత తీస్తే చాలు, వెలుగుతాది. ఇంక ఆ దున్నపోతు మనకెందుకు?" అంటాది. వాడేమో, "కొత్తది మంచిదే, కాదన్నానా? కానీ నేను సగం మాట కొడితే మిగతా సగం అదే చెప్పేస్తాదమ్మా. పాతది నేను చెప్పిందాకా కూర్చోని వింటాది. దాని మీటలు కొడతా ఉంటే రేకుల మీద వాన పడినట్టుంటాది" అంటాడు. నాకైతే వాడి మాటే నచ్చుతాది. నవ్వకండి.

సరే, బండి మస్తానన్న లోపలికొచ్చి చూసి వెనక్కి తగ్గినాడంట. ఏమైందంటే, ఆయుధ పూజకు ఎప్పటి మాదిరే ఆ పెట్టెకు బొట్లు పెట్టి, దండేసినారు. ఆ వీధిలో ఒక పద్ధతుంది, పూజ చేసిన పనిముట్టు మీద పూలు వాడిందాకా దాన్ని కదపకూడదు. మగ్గమైనా అంతే, కుట్టుమిషనైనా అంతే. దసరా పోయి వారమైంది కదా, వాడిపోయుంటాయిలే అని తిమ్మక్క అనుకునింది. చూస్తే చామంతులు అప్పుడే కోసినట్టుండాయి! "వాడినాక వస్తాలేక్కా, మనకెందుకు పాపం" అని మస్తానన్న పోయినాడు. మళ్లా వచ్చినాడు, మళ్లా అట్లనే ఉండాయి. ఇంకోసారొచ్చినా అట్లనే కళకళలాడతా ఉండాయి!

అది ఎవరి పనో మీకు చెప్తా, తిమ్మక్కకు మాత్రం చెప్పకండి. పక్కవీధిలో సుంకులు అని పూలు కట్టే పిల్ల ఉంది. పెళ్లి పందిట్లో పెళ్లికూతురు, పెళ్లికొడుకు పేర్లు పూలతో రాస్తారు చూడండి, ఆ పని ఈమెదే. పేర్లు పెద్దక్షరాల్లో అచ్చు కొట్టించుకోను తిప్పేసామి దగ్గరికి వచ్చేది. వచ్చి బల్ల మీద కూర్చోని, "ఏం బావా, మీ ముసిలిది ఇంకా లేవలేదా? అది లేచే లోపల నా మల్లెమొగ్గలు విచ్చుకుంటాయి" అని ఆ పెట్టెను ఎగతాళి చేసేది. వాడు తల ఎత్తకుండా నవ్వేవాడు. తెర వెలిగినప్పుడు ఆమె ముఖం మీద నీలం వెన్నెల పడినట్టుండేదంట. ఆ ముఖాన్ని నేను చూసినట్టే ఉంటాది నాకు! కొత్తదొచ్చినాక ఏమైంది? పేర్లు గబాల్న అచ్చయిపోతాయి, సుంకులు కాగితం తీసుకోని లేవాల్సిందే. కూర్చోమనను వీడికి సాకు లేదు, కూర్చోను ఆమెకు సాకు లేదు. ఇంక పాతది బండెక్కిందంటే ఆ బల్ల మీదికి రానే అక్కరలేదు. అందుకే తెల్లారి పూలమూట విప్పంగానే, కిటికీ కమ్ముల్లోంచి చెయ్యి పెట్టి పాత దండ తీసి కొత్తది వేసి పోయేది.

ఇదంతా తిమ్మక్కకేం తెలుసు? "అమ్మోరొచ్చి కూర్చునిందిరో!" అని చెంపలేసుకునింది. అంతే, ఊరు ఊరంతా దిగింది. ఒకామె తెర ముందర టెంకాయ కొడితే నీళ్లు మీటల మీద పడినాయి, తిప్పేసామి పంచెతో తుడుచుకుంటా ఉన్నాడు. ఇంకొకాయన మౌసుకు కుంకుమ పెట్టి, "మూషికం కూడా ఉందే!" అన్నాడంట. ఆఖరికి పెద్దమనుషులు కూర్చోని, ఇంత మహిమున్నది ఇంట్లో ఉండకూడదు, గుడికి చేర్చాలని తీర్మానం చేసినారు. బండెక్కకుండా కాపాడుకునింది కదా పిల్ల, ఇప్పుడు ఆ పెట్టె పల్లకీ ఎక్కుతా ఉంది! డప్పులొచ్చినాయి. నలుగురు పెట్టెను ఎత్తినారు. తిప్పేసామి వాకిలి పట్టుకోని నిలబడినాడు.

అప్పుడు సుంకులు పూలబుట్ట కింద పడేసి పల్లకీకి అడ్డం నిలబడింది. "దించండి! అమ్మోరు లేదు, ఏమీ లేదు. ఆ పూలు నేను కట్టినవి. రోజూ మారుస్తా ఉండేది నేనే!" డప్పులు ఆగిపోయినాయి. తిమ్మక్క ముక్కు మీద వేలేసుకోని, "నువ్వా? దాన్ని చూస్తే చాలు ఎక్కిరించేదానివే! నీకెందుకమ్మే దాని మీద ఇంత ప్రేమ?" అనింది. ఊరంతా చూస్తా ఉంది, వాడూ చూస్తా ఉన్నాడు. సుంకులు కొంగు పట్టుకోని, ముఖం ఎర్రగా చేసుకోని, అయినా అందరికీ వినపడేటట్టు అనిందంట:

"దాని మీద కాదత్తా. కొత్తదాంతో పని చేసుకోనీ, నేను వద్దంటానా? కానీ అది చిటికెలో పని ముగించి నన్ను ఇంటికి పంపిస్తాది. ఇది మెల్లగా లేస్తాది, అంతసేపూ నేను నీ కొడుకును చూస్తా కూర్చుంటా. నాకు నీ కొడుకంటే ఇష్టం."