పేకముక్కల మగ్గం

గడియారాలు బాగుచేసే మావయ్య టీ కొట్టు బల్ల మీద కూర్చున్నాడంటే ఆ పూట గ్లాసులు తొందరగా ఖాళీ కావని అందరికీ తెలుసు. బయట సన్నటి వాన. గిరాకీ లేక సెలూన్ అతను దువ్వెన జేబులో పెట్టుకుని వచ్చేశాడు. టీ కాచే ఆవిడ పొయ్యి మంట తగ్గించింది.

"మగ్గం చేశాను," అన్నాడు మావయ్య, గోడకి మేకు కొట్టొచ్చినంత తేలిగ్గా. "బుల్లిది. చంకలో పెట్టుకుని ఊరంతా తిరగొచ్చు. పాడైన గోడగడియారం పెట్టె వెనక చెక్క ఉందే, అది తీసుకున్నా. ఈ కొసన ఒక కొయ్య, ఆ కొసన ఒక కొయ్య, పోగులు వదులైతే బిగించడానికి ఓ మర. అంతే!"

"అంతేనా? కాళ్ళతో తొక్కే చెక్కలూ అవీ ఉండొద్దూ?" అన్నాడు సెలూన్ అతను.

"అక్కర్లేదు అల్లుడూ. పాత పేకముక్కల్ని చదరంగా కోసి, నాలుగు మూలలా చిల్లులు పెట్టి, చిల్లుకో పోగు ఎక్కించా. ముక్కలన్నీ కలిపి ఒక్క తిప్పు తిప్పావనుకో, కింది పోగు పైకొస్తుంది, పైది కిందికెళ్తుంది, మధ్యలో సందు పడుతుంది. ఆ సందులోంచి అడ్డపోగు పంపడమే, అదే పేక. వేలెడు వెడల్పు పట్టీ దిగుతుంది."

"పేకతో పేక వేయించావన్నమాట!"

"జోకర్ని కూడా వదల్లేదు. పోగుల మధ్య పళ్ళికిలిస్తూ కూర్చున్నాడు వెధవ."

ఇంతవరకూ నిజమే. పక్షవాతం వచ్చి భార్య కుడిచేయి పట్టు తప్పింది. వేళ్ళకి పని చెబుతూ ఉండాలన్నాడు డాక్టరు. పుట్టింట్లో నేత నేసిన మనిషి కదా అని, మావయ్య ఆ మగ్గం చేసి ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె దానికేసి ఓసారి చూసి గోడవైపు తిరిగి పడుకుంది. అప్పట్నుంచీ మగ్గం మంచం పక్కనే ఉంది. ఆమె నోట మాట కూడా తగ్గిపోయింది. ఈ సంగతి మావయ్య ఎవరికీ చెప్పలేదు.

"వదిన ముట్టుకుందా అన్నయ్యా?" అంది టీ ఆవిడ.

మావయ్య గ్లాసు బల్ల మీద పెట్టి, చిటికెనవేలు ఎత్తి చూపించాడు.

"ముట్టుకోవడమా! చిటికెనవేలు ఆనించిందమ్మా, అంతే. గాలికి ఆకులు తిరిగినట్టు ముక్కలు వాటంతటవే తిరిగాయి. పట్టీ మంచం దిగింది, గడప దాటింది, వీధిలోకొచ్చింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పేకకి దారం అయిపోయింది. అయిపోతే ఆగుతుందా మీ వదిన? కిటికీలోంచి చెయ్యి చాపి వాన ధార ఒకటి లాగింది. నీళ్ళపోగు! దాన్ని సందులోంచి పంపితే పట్టీ అంతా తళతళ. పిచ్చుక ఒకటి వచ్చి వాలింది, వాలింది వాలినట్టే అంచులో బొమ్మైపోయింది. ఇప్పటికీ చెవి ఆనిస్తే కిచకిచమంటుంది."

"అరుస్తుందా మావయ్యా?"

"పొద్దున పూటే. అలా పట్టీ నది దాకా పోయింది. అవతలి ఒడ్డు దాన్ని పట్టుకుని మెల్లగా ఇటు జరిగింది. పడవవాడు తెడ్డు పక్కన పడేసి నిద్రపోయాడు. పట్టీ అక్కడ ఆగిందా? కొండెక్కి ఆకాశంలోకి పాకింది. అంచుకి ఎరుపు కావాలంది మీ వదిన. సాయంత్రంలోంచి లాగేసుకుంది. అందుకే నిన్న సూర్యుడు తెల్లగా దిగిపోయాడు, చూడలేదూ?"

"నిన్న మబ్బు కదా అన్నయ్యా."

"మబ్బు కాదమ్మా. ఎరుపు అయిపోయింది."

ఎవరూ నవ్వలేదు. వాన చినుకుల్లో ఆ పట్టీ నిజంగానే ఎక్కడో ఊగుతున్నట్టుంది. మావయ్యకి కూడా అలాగే అనిపించింది. ఆపితే మళ్ళీ ఆ గోడవైపు తిరిగిన వీపే కళ్ళముందుకొస్తుంది. అందుకే ఇంకా పైకి, చుక్కల దాకా పోదామని నోరు తెరిచాడు.

"అమ్మ ఏమీ నెయ్యలేదండీ."

కూతురు గొడుగుతో గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ గమనించలేదు.

"వేలెడు కూడా నెయ్యలేదు. నాన్న మాటలు నమ్మకండి."

సెలూన్ అతను దువ్వెన తీసి చూసుకున్నాడు. మావయ్య తల దించుకున్నాడు.

"ఇందాక ముక్కలు తిప్పబోయింది నాన్నా," అంది కూతురు. "ఎడంచేత్తో కుడిచెయ్యి పట్టుకుని మరీ. సందు పడలేదు. పక్కపక్క ముక్కల పోగులు ఒకదానికొకటి మెలేసి ఎక్కించావట. 'గడియారాలు కూడా ఇలాగే బాగుచేస్తాడా మీ నాన్న? పిలువ్ ముందు!' అని ఒకటే కేకలు. వీధి చివరికి వినబడుతోంది."

మావయ్య తలెత్తాడు. కూతురి మొహంలోకి అనుమానంగా చూశాడు.

"కోతలు కొయ్యకే," అన్నాడు. "నిజంగా కేకలేసిందా?"

"నిజంగానే నాన్నా."

టీ వదిలేసి, గొడుగు కిందికైనా రాకుండా వానలోకి నడిచాడు. ఇంటి మలుపు ఇంకా తిరగనే లేదు, ఆ గొంతు వినిపించింది. మాట కాస్త ముద్దగా ఉంది గానీ కోపం మాత్రం స్పష్టంగా ఉంది. మావయ్య ఓ క్షణం ఆగి, కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత పరుగందుకున్నాడు.